కుడిచేతి చీమలు

అమ్మను ఆసుపత్రి నుంచి కొండాపూర్‌లోని మా ఫ్లాట్‌కు తెచ్చుకున్న కొత్తలో నేను భయపడింది మందుల గురించి, ముక్కులో గొట్టం గురించి, వీపు మీద పడబోయే పుండ్ల గురించి. చీమల గురించి భయపడాలని ఎవరూ చెప్పలేదు. పంపించేటప్పుడు నర్సు నన్ను కూర్చోబెట్టి చాలా జాగ్రత్తలు చెప్పింది. పక్కకు ఎలా తిప్పాలో, గొట్టంలో నీళ్లు ఎలా పోయాలో, జ్వరం వస్తే ఏం చూడాలో అన్నీ చెప్పింది. నేను బుద్ధిమంతురాలిలా తలూపాను. మూడో అంతస్తులో ఉండేవాళ్లకు చీమ శత్రువు అవుతుందని ఆవిడకూ తెలియదు, నాకూ తెలియదు.

అమ్మకు పక్షవాతం. కుడి కాలూ కుడి చెయ్యీ పడిపోయాయి, మాట పోయింది. ఎడమవైపు బాగానే ఉంది. మనం అనేదంతా అర్థమవుతుంది. అవునంటే తల కిందికి దించుతుంది, కాదంటే అడ్డంగా ఊపుతుంది. అంతకుముందు ఆమె నోరు ఎలాంటిదో తెలిసినవాళ్లకు ఈ తల ఊపడం చూస్తే ఏడుపొస్తుంది. కడప జిల్లాలో మా వీధి వీధంతా అమ్మ నోటికి జడిసేది. కూరగాయల బండివాడు మా ఇంటి ముందుకు రాగానే పుచ్చు వంకాయలన్నీ అడుగుకు తోసేసేవాడు. ఆ నోరు నాకూ వచ్చిందని మావారు అంటుంటారు. ఆయనది గోదావరి వైపు, మెత్తటి మనిషి, అందుకే ఇన్నేళ్లు నాతో నెగ్గుకొచ్చారు.

ముక్కులో గొట్టం తీసేసి నోటితో తినడం మొదలుపెట్టిన కొన్నాళ్లకు, ఒక ఉదయం ఆఫీసుకు వెళ్లేముందు అమ్మ తల దువ్వుదామని గదిలోకి వెళ్లాను. గోడవైపు పడి ఉన్న కుడి చెయ్యి మీద ఎర్రగా దారంలా ఏదో కనిపించింది. దుప్పటి పోగు ఊడిందనుకుని లాగబోయాను. పోగు కదిలింది.

చీమలు. చిన్న ఎర్ర చీమలు. అరచేతిలో, వేళ్ల సందుల్లో, మణికట్టు చుట్టూ. చున్నీతో దులిపాను, తడిబట్టతో తుడిచాను, నోటికొచ్చినట్టు తిట్టాను. చెయ్యంతా దద్దుర్లు. అమ్మ మెలకువగానే ఉంది. కళ్లు తెరిచి నన్నే చూస్తోంది. ఎడమచేతి పక్కన బెల్లు ఉంది, నొక్కితే హాల్లో మోగుతుంది. దాహమైనా నొక్కుతుంది, పక్క తడిసినా నొక్కుతుంది. ఇన్ని చీమలు కుట్టినా నొక్కలేదు. అంటే ఆమెకు తెలియనే లేదు. మా అమ్మను చీమలు పీక్కుతింటుంటే ఆమె పైకప్పు చూస్తూ పడుకుని ఉంటుంది, నేను పక్క గదిలో కాఫీ తాగుతూ ఉంటాను. ఇక ఇంతేనా అనిపించింది.

అమ్మను చూసుకోవడానికి ఒక ఆయా వస్తుంది. నారాయణపేట వైపు ఆవిడ, హఫీజ్‌పేట్‌లో కిరాయి గదిలో ఉంటుంది. పొద్దున మేం ఆఫీసులకు బయలుదేరే వేళకు వచ్చి, సాయంత్రం మేం తిరిగొచ్చాక వెళ్తుంది. నాకంటే పెద్దది, అక్కా అని పిలుస్తాను. ఆవిడ వచ్చీ రాగానే చెయ్యి చూపించాను. నాలుక కరుచుకుంది. చేతికి కొబ్బరినూనె రాసింది, పక్కబట్టలన్నీ మార్చింది, ఇల్లంతా రెండుసార్లు తుడిచింది. మర్నాడు మళ్లీ చీమలు. అదే చెయ్యి.

మందు కొట్టిద్దామంటే డాక్టరు వద్దన్నారు. అమ్మ ఊపిరితిత్తులు అసలే అంతంతమాత్రం, ఆమె పడుకునే గదిలో ఏ మందూ వాడొద్దన్నారు. చీమల చాక్‌పీసుతో గోడకు గీత గీద్దామంటే, అమ్మ ఎడమచెయ్యి ఊరుకోదు, తలవైపు గోడనూ తడుముతుంది, నోటినీ తడుముతుంది. ఇక సలహాలకు కొదవా? పసుపు చల్లమన్నవాళ్లు, కర్పూరం పెట్టమన్నవాళ్లు, దోసకాయ తొక్కలు పరవమన్నవాళ్లు. అన్నీ చేశాను. గది పచ్చడి చేయబోతున్నట్టు తయారైంది. పై అంతస్తు ఆవిడ అమ్మను చూడడానికి వచ్చి, చెయ్యి చూసి, శివుని ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదమ్మా అంది. ఓదార్పుకే అంది, పాపం. మా అమ్మ చెయ్యి కుట్టమని ఆజ్ఞ ఇచ్చేంత తీరిక శివుడికి ఎందుకు దొరికిందో కనుక్కుని చెప్పండి అన్నాను. ఆవిడ మళ్లీ రాలేదు.

మిగిలింది ఒకటే దారి, చీమలు వచ్చే సందులన్నీ మూసేయడం. ఆఫీసులో నా పని ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకోవడం. ఎక్కడ తప్పుందో కనుక్కోవాలంటే ముందు ఎక్కడెక్కడ ఉండే వీలుందో అన్నీ చూడాలి, ఒక్కోటీ పరీక్షించాలి, లేదని తేలాకే వదలాలి. ఇంటినీ అలాగే పట్టుకున్నాను. ఆదివారం చీకటిపడ్డాక మావారిని గది బయట బాల్కనీలో నిలబెట్టి కిటికీ అంచుల వెంట టార్చి వేయించాను. నేను లోపల లైట్లార్పి, కిటికీ అద్దాలకు దుప్పటి అడ్డం కట్టి, వెలుతురు ఎక్కడ నుంచి తొంగిచూస్తోందో అక్కడల్లా పసుపు చీటీ అతికించాను. తర్వాత అగరొత్తి వెలిగించి తలుపుల కింద, గోడల అడుగున తిప్పాను. పొగ ఎక్కడ వంగితే అక్కడ ఇంకో చీటీ. చివరికి గది నిండా పసుపు చీటీలే. అమ్మ మంచం మీంచి వాటిని వింతగా చూసింది.

ఆ ఇల్లు కట్టినవాడికీ నాకూ ఏ జన్మలో పగో తెలియదు. గోడకూ కిటికీకీ మధ్య పంచాయితీ తెగనట్టు వదిలేశాడు. నేలమీది పాలరాయి గోడ దగ్గరికి వచ్చి మొహమాటపడి ఆగిపోయింది. దాన్ని కప్పడానికి అతికించిన రాతిపట్టీ వెనక వేలు దూరే ఖాళీ. ఏసీ గొట్టం కోసం కొట్టిన కన్నం చుట్టూ ఒక ఉమ్మడి కుటుంబం కాపురం చేయొచ్చు. కొత్తగూడ హార్డ్‌వేర్ దుకాణం నుంచి సందులు పూడ్చే సిలికాన్ గొట్టాలు, దాన్ని పిండే గన్ను, తెల్ల సిమెంటు, తలుపు కింద అతికించే రబ్బరు పట్టీలు తెచ్చుకున్నాం. మావారు పట్టుకుంటే నేను పిండాను. మొదటి రోజు గోడకంటే నా జుట్టుకే ఎక్కువ అంటింది. రెండో ఆదివారానికి చెయ్యి తిరిగింది. వేలు తడిచేసి సిలికాన్ మీద అలా లాగితే నున్నగా కూర్చుంటుంది. చెప్పొద్దూ, ఆ నున్నదనం చూస్తే గర్వంగా ఉండేది. మా అమ్మకు నేను చేయగలిగింది ఒకటి ఉందని.

ఆ గర్వం మొదటి వానదాకా ఉంది. జరిపే కిటికీల కింది పట్టాలో చిన్న చిన్న రంధ్రాలుంటాయి, పట్టాలో పడ్డ నీళ్లు బయటికి పోవడానికి. చీమలకు ఇంత రాజమార్గం వదిలాడే అని తిట్టుకుంటూ వాటినీ మూసేశాను. వాన పడ్డ సాయంత్రం పట్టా నిండి, నీళ్లు గదిలోకి పొంగి, అమ్మ మంచం కింద మడుగు కట్టాయి. ఆయా తుడుస్తూ తుడుస్తూ నా మొహం చూసి నవ్వాపుకుంది. ఊరుకోవోయ్, నువ్వు చేసిందీ మంచికే కదా అన్నారు మావారు. రంధ్రాలు మళ్లీ తెరిచి, వాటికి సన్నటి జాలీ అతికించాను.

మంచం కోళ్లకు నీళ్ల గిన్నెలు కూడా పెట్టాం. మా ఊళ్లో పాలగిన్నెను నీళ్ల పళ్లెంలో పెట్టేవాళ్లు, చీమ ఎక్కకుండా. ఆసుపత్రి మంచం కాబట్టి దానికి చక్రాలుంటాయి. వాటి కింద ఇటుకలు పెట్టి, ఇటుకలను స్టీలు గిన్నెల్లో నిలబెట్టాం. మంచాన్ని గోడకు తగలకుండా జానెడు జరిపాం. ఇక ఆ గదిలోకి గాలి రావడానికి కూడా సందు లేదు. ఏసీ అమ్మకు పడదు, మధ్యాహ్నాలు ఆమె నుదురు చెమట పట్టేది, కర్ఫ్యూ పెట్టినట్టుంది ఇల్లు అనేవారు మావారు.

చీమలు తగ్గాయి. పోలేదు. ఒకరోజు ఉండవు, మర్నాడు ఉంటాయి. "మల్ల వచ్చినయమ్మా. గా కుడిచెయ్యికే పడుతున్నయ్, ఏందో," అని ఆయా ఫోన్లో చెప్పినప్పుడల్లా నేను మీటింగులోంచి లేచి బయటికి వచ్చేసేదాన్ని. కుడిచెయ్యే ఎందుకో నాకు తెలుసనుకున్నాను. ఎడమచెయ్యి కదులుతుంది, దులుపుకుంటుంది. కదలని దానినే కదా ఎవరైనా కుట్టేది. లోకంలో మనుషులూ అంతే అని ఆయాతో వేదాంతం కూడా చెప్పాను.

ఇక్కడ అమ్మ భోజనం సంగతి చెప్పాలి, ఇది చీమలు రాకముందు మాట. వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయి, అమ్మ తన చేత్తో తాను తింటే మంచిదని చెప్పింది. చెయ్యంటే ఎడమచెయ్యే. అమ్మ ఎన్నో రోజులు ససేమిరా అంది. ఎడమచేత్తో అన్నం ముట్టడమా? పళ్లెం ముందు పెడితే మొహం గోడకు తిప్పుకునేది. చివరికి ఒకరోజు ఆయా ఏదో పనిమీద బయటికి వెళ్లి వచ్చేసరికి పళ్లెం సగం ఖాళీ అయి ఉంది. అప్పుడు అర్థమైంది. ఎవరూ చూడకపోతే తింటుంది. అప్పటినుంచి మంచం తల వైపు పైకెత్తి, పళ్లెంలో మెత్తగా కలిపిన అన్నం చిన్న ముద్దలు చేసి పెట్టి, తలుపు దగ్గరగా వేసి వచ్చేసేవాళ్లం. ఆయా హాల్లో కూర్చుని దగ్గు వినిపిస్తుందేమోనని చెవి అటే వేసి ఉంచేది. బెల్లు మోగాకే లోపలికి వెళ్లేవాళ్లం. అమ్మకు మిగిలిన మర్యాద అదొక్కటే, దాన్ని మేం కాపాడుతున్నాం అనుకునేవాళ్లం.

సందులన్నీ మూశాక కూడా చీమలు ఎటునుంచి వస్తున్నాయో తెలియక, ఒక చిన్న కెమెరా కొని అమ్మ గదిలో అల్మారా మీద పెట్టాను. చంటిపిల్లలున్న ఇళ్లలో పెట్టుకుంటారే, ఫోన్లో చూడొచ్చు, ఇక్కణ్నుంచి మాట్లాడితే అక్కడ వినిపిస్తుంది కూడా. గోడా, మంచం, అమ్మ కుడివైపూ బాగా కనిపించేలా తిప్పాను. చీమల కోసమేనని అమ్మకు చెప్పాను. తల దించింది. అన్నం వేళ చూడనని కూడా మనసులో అనుకున్నాను, ఆ మాట నిలబెట్టుకోలేదు.

రాయదుర్గం వైపు మా ఆఫీసు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో నా పళ్లెం ముందు పెట్టుకుని, ఒక్కసారి చూసి మూసేద్దామని ఫోన్ తెరిచాను. అమ్మ తింటోంది. ఎడమచేత్తో, తలుపు వైపు ఒక కన్ను వేసి, ఎవరైనా వస్తారేమోనని. దొంగతనంగా చూస్తున్నానని సిగ్గేసింది. మూసేయబోతుండగా అమ్మ చేసిన పని చూసి ఆగిపోయాను.

అమ్మ ఎడమచేత్తో పళ్లెంలోంచి నాలుగు మెతుకులు తీసింది. నోటి దగ్గరికి తేలేదు. ఒళ్లు మీదుగా అవతలికి, గోడవైపుకు చెయ్యి చాచింది. అంత దూరం చాచడం ఆమెకు కష్టం, భుజం వణికింది. ముడుచుకుపోయిన కుడిచేతి వేళ్లను ఒక్కోటీ విప్పింది. ఆ అరచేతిలో మెతుకులు పెట్టింది. తర్వాత మణికట్టు కింద చెయ్యి వేసి, ఆ కుడి చేతిని మంచం అంచుదాకా జరిపి, వంచింది. కొన్ని మెతుకులు పరుపు అంచున పడ్డాయి, కొన్ని అరచేతికే అంటుకుని ఉండిపోయాయి. అప్పుడు అమ్మ ఒకసారి కళ్లు మూసుకుని తెరిచి, తినడం మొదలుపెట్టింది.

నాకు మా ఊరి ఇల్లు కళ్లముందు నిలిచింది. అమ్మ ఏనాడూ అన్నం కలుపుకోకముందే నాలుగు మెతుకులు తీసి గోడవార చీమలకు వేయకుండా తినలేదు. అడగలేని జీవాలకు మనమే చూసి పెట్టాల అనేది. పెట్టేది మాత్రం కుడిచేత్తోనే. చిన్నప్పుడు వాకిట్లోకి వచ్చిన ముసలమ్మకు నేను ఎడమచేత్తో అన్నం వేయబోతే వీపు పగలగొట్టింది. ఎడమచేత్తో పెట్టింది పెట్టినట్టు కాదు, పుణ్యం మాట దేవుడెరుగు, పాపం చుట్టుకుంటుంది అంది. ఇప్పుడు తినడానికైతే ఎడమచేత్తో రాజీపడింది. పెట్టడానికి పడలేదు. పడిపోయిన చేతికి అందించి, ఆ చేత్తోనే పెడుతోంది.

పక్క మీద మెతుకులు కనిపిస్తే ఎడమచేత్తో తింటూ జార్చుకుందనుకుని ఇన్నాళ్లూ దులిపేశాం. మేం సందులు మూస్తున్నాం, ఆమె విస్తరి వేసి పిలుస్తోంది. చూస్తుండగానే అవి వచ్చాయి. ఫోన్లో బొమ్మ పెద్దది చేస్తే దారి కూడా కనిపించింది. అమ్మకు పుండ్లు పడకుండా వేసిన గాలిపరుపుకు ఒక మోటారు ఉంటుంది, అది ఎప్పుడూ ఆడుతూ ఉండాలి. ఆ మోటారు తీగ స్విచ్చిబోర్డు నుంచి మంచానికి వస్తుంది. బోర్డు సందులోంచి బయటికొచ్చి, ఆ తీగ మీద వరసగా, నీళ్ల గిన్నెలకు ఎంతో ఎత్తున, మా తెలివినంతా కిందికి చూస్తూ నడిచొచ్చాయి. అరచేతిలోకి ఎక్కాయి.

ఆయాకు ఫోన్ చేయాల్సింది. తొందరలో చేతిలో ఉన్న కెమెరా బొత్తమే నొక్కి "అమ్మా" అన్నాను. అమ్మ అదిరిపడింది. తలుపు వైపు చూసింది, పైకప్పు చూసింది, మనిషి లేకుండా నా గొంతు ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియక కళ్లు పెద్దవి చేసి వెతికింది. పళ్లెం ఒరిగి అన్నమంతా ఒళ్లో పడింది. తినేటప్పుడు నేను చూశానని తెలిసిపోయింది. గబగబా ఎడమచెయ్యి దుప్పటి కింద దాచుకుంది. నేను ఫోన్ బోర్లా పెట్టి క్యాంటీన్‌లో అందరిముందూ వెక్కి వెక్కి ఏడ్చాను. జీతాల పెంపు తేల్చే అప్రైజల్ రోజులవి. పక్క టేబుల్ వాళ్లు అర్థం చేసుకున్నట్టు మొహాలు పెట్టి టిష్యూలు అందించారు.

సెలవు చెప్పి ఇంటికి వచ్చేసరికి ఆయా అమ్మకు బట్టలు మార్చేసింది. జరిగింది చెప్పాను. ఆవిడ గడపలోనే కూలబడింది. "చీమలకు పెట్టుడు మంచిదే గదమ్మా. గని ఎవరన్న చేతుల పెట్టుకుంటరా?" అంది. నేను అమ్మ పక్కన కూర్చున్నాను. అమ్మ నా వైపు చూడలేదు. కెమెరా తీసి ఆమె కళ్లముందే సొరుగులో పడేశాను. అప్పుడు తిరిగింది.

"చీమలు కుడ్తాండాయి మా, ఆ చేతిని. నీకు తెలీడంల్యా," అన్నాను.

అమ్మ ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని ఆ చేతిని ఒళ్లోకి తెచ్చుకుంది. బొటనవేలి కింద ఒక దద్దురు ఉంది, దాన్ని వేలితో తాకింది. పక్కన ఇంకోటి, దాన్నీ తాకింది. అలా ఒక్కోటీ తాకి, నా మొహంలోకి చూసి, తల కిందికి దించింది. తెలుసు. తగిలి తెలియలేదు, కళ్లతో చూసి తెలుసు. అన్ని రోజులూ చూస్తూనే ఉంది, బెల్లు పక్కనే పెట్టుకుని. ఎందుకు మా, ఎందుకు ఊరుకున్నావు అని అడిగాను. అవును, కాదు తప్ప మూడో జవాబు లేని మనిషిని ఎందుకు అని అడిగితే ఏం చెబుతుంది? కోపం వచ్చింది నాకు. నెలల తరబడి మోకాళ్ల మీద పాకుతూ నేలంతా సిలికాన్ పూసిన నా పిచ్చితనం మీద, ఆమె పట్టుదల మీద, ఎవరి మీదని చెప్పను.

ఆ సాయంత్రమే మోటారు తీగకు వాజలీన్ పూశాను. చీమ జారిపోతుంది, దాటలేదు. స్విచ్చిబోర్డు సందుకు టేపు వేశాను. మర్నాడు ఇంటినుంచే పని చేసుకున్నాను. మధ్యాహ్నం అమ్మకు పళ్లెం పెట్టి బయటికి వచ్చాం. ఎంతసేపటికీ బెల్లు మోగలేదు. తలుపు కొద్దిగా తోసి చూశాను. కుడి అరచెయ్యి తెరిచి ఉంది, మెతుకులు ఎండి గట్టిపడ్డాయి. అమ్మ తినలేదు. చెయ్యి వైపే చూస్తూ కూర్చుంది. ఎవరో వస్తామని చెప్పి రాకపోతే గుమ్మంలో కూర్చునేవాళ్లు చూసే చూపది. సాయంత్రమూ అంతే. ఆయా తన చేత్తో తినిపించబోతే నోరు తెరవలేదు. "గిట్లైతే ఎట్లమ్మా, పానం నిలవాలె గదా," అని ఆయా బతిమాలింది. అమ్మ కళ్లు మూసుకుంది.

మర్నాడు పొద్దున్నే తడిబట్ట తీసుకుని తీగ మీది వాజలీన్ అంతా తుడిచేశాను. టేపు పీకేశాను. అంత కసిగా మూసిన ఇంట్లో నా చేత్తో నేనే చీమలకు దారి ఇచ్చాను. ఇచ్చాను గానీ ఒక ఉపాయం ఆలోచించుకునే ఇచ్చాను. మధ్యాహ్నం అన్నం పెట్టాక బయటికి వెళ్లలేదు. మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. అమ్మ కాసేపు నన్ను చూసింది. వెళ్లమనలేదు. మెతుకులు తీసి కుడి అరచేతిలో పెట్టుకుంది. నేను ఆ మెతుకులను జాగ్రత్తగా తీసి ఒక సాసర్లో వేసి, తీగ దగ్గర పెట్టాను. "నువ్వే పెట్టినావు మా, నీ కుడిచేత్తోనే పెట్టినావు. నేను అవతలికి జరుపుతాండా, అంతే," అన్నాను.

ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదనుకున్నాను. చీమలకు అన్నం, అమ్మకు పుణ్యం, చేతికి క్షేమం. అమ్మ తల అడ్డంగా ఊపింది. భుజం వణుకుతుండగా చెయ్యి చాచి, సాసర్లోంచి మెతుకులు ఏరి, మళ్లీ అరచేతిలోనే వేసుకుంది.

చీమలు వచ్చాయి. తీగ దిగి, పరుపు అంచు వెంట నడిచి, చిటికెనవేలి మీదుగా ఎక్కాయి. నేను దులపబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఎడమచేతిలో ఆమె బలం ఏమీ తగ్గలేదు. మా ఊళ్లో అమ్మ చీమలకు వేసి, అటు తిరిగి చూసేది కూడా కాదు, తన పని తనది. ఇప్పుడు తినడం ఆపి, ఊపిరి బిగబట్టి, అరచేతి వైపే చూస్తోంది. అది చీమలకు పెట్టే మనిషి చూపు కాదు. ఒక చీమ బొటనవేలి మొదట్లో మెత్తటి చోట ఆగింది. నడుము వంచింది. అక్కడ చర్మం మెల్లగా ఎర్రబడింది.

డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఆయన గుండుసూది తీసి సరిగ్గా అక్కడే గుచ్చి, తెలుస్తోందా అమ్మా అని అడుగుతారు. తెలిస్తే చెయ్యి తిరిగొచ్చే ఆశ ఉన్నట్టు. ఆయన నెలకోసారి అడుగుతారు. అమ్మ పూటపూటా ఆ చేతిని అడుగుతోంది.

నా గొంతు నాకే వినపడనంత మెల్లగా "తెలుస్తాందా మా?" అన్నాను.

అమ్మ ఇంకొంచెం సేపు చూసింది, చీమకు కూడా సమయం ఇవ్వాలన్నట్టు. తర్వాత నా వైపు తిరిగి తల అడ్డంగా ఊపింది. నా చెయ్యి వదిలేసి, పళ్లెంలోంచి ముద్ద తీసుకుని తినసాగింది.

నేను వేలు పెట్టి ఆ చీమను తీయబోయాను. అది నా వేలిని పట్టుకుంది. చురుక్కుమని నిప్పు పెట్టినట్టు మండింది. అమ్మ నన్నే చూస్తోంది. అబ్బా అనకుండా పళ్లు బిగబట్టుకుని, దాన్ని గోడ మీద వదిలాను.